వద్దనే హక్కు, వద్దనిపించే బలవంతం: ఆడవాళ్లు రాసిచ్చే ‘హక్కు విడుదల’ పత్రాల గురించి

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంత మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనం హక్కు ఎలా వచ్చింది, ఎలా సాధించుకోవాలి అన్న దాని గురించే మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను దాని రెండో వైపు గురించి మాట్లాడదలుచుకున్నాను. వారసత్వంగా వచ్చిన ఆస్తిని వద్దనడం గురించి. వద్దని రాసిచ్చే కాగితం గురించి. మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో దీన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. లేఖరులు రిలీజ్ డీడు అంటారు. ఊళ్లో మాత్రం ‘ఆడపిల్లల సంతకాలు’ అంటారు. ఆ మాటలోనే సంగతంతా ఉంది. అన్నదమ్ములు ఒకరికొకరు వదిలేసుకున్న సందర్భాలు మీకు ఎన్ని తెలుసు? అక్కచెల్లెళ్లు వదిలేసినవి ఎన్ని తెలుసు? మీ మీ ఊళ్లలో ఒకసారి లెక్క వేసుకోండి.

ఆస్తిని వద్దనడం తప్పని నేను అనడం లేదు. ఎవరి ఆస్తిని వాళ్లు ఉంచుకోవచ్చు, ఇవ్వొచ్చు, వదులుకోవచ్చు. కాదనే స్వేచ్ఛ లేకపోతే అది హక్కే కాదు. అయితే మన దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. ఒకరు వదులుకోనక్కర్లేని భూమిని వదులుకుని వచ్చిన కూతుళ్లు. ఇంకొకరు తల మీదకు ఎత్తుకోనక్కర్లేని అప్పును ఎత్తుకుని వచ్చిన భార్యలు. భూమి దగ్గర వద్దని రాయించుకుంటారు, అప్పు దగ్గర నాదేనని రాయించుకుంటారు. రెండు చోట్లా సంతకం ఆడదానిదే, కాగితం రాసింది మాత్రం ఇంకెవరో. ఈ రెండింటినీ కలిపి చూడాలని నా ఉద్దేశం.

చట్టం వచ్చిన దారి

ముందు లెక్క చెప్తాను. చట్టాన్ని ఎకరాల్లో చెప్తేనే మనకు అర్థమవుతుంది.

ఒక ఇంట్లో పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి భూమి 8 ఎకరాలు ఉందనుకుందాం. తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. వీలునామా రాయకుండా తండ్రి చనిపోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఏం జరిగేది? ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగవాళ్లకే. కాబట్టి ముందు తండ్రీ కొడుకులు చెరి సగం, అంటే 4 ఎకరాల చొప్పున, పంచుకున్నట్టు లెక్క. ఆ తర్వాత తండ్రి వాటా 4 ఎకరాలను నలుగురికి పంచుతారు. తల్లికి ఒక ఎకరం, ఒక్కో కూతురికి ఒక్కో ఎకరం, కొడుక్కి తన 4 మీద ఇంకో ఎకరం, మొత్తం 5 ఎకరాలు.

ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి తెచ్చారు. అది గొప్ప చట్టం, అందులో అనుమానం లేదు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదన్నారు. అంతకు ముందే జరిగిపోయిన పంపకాలనూ కదపలేదు. అక్కకు 1985 మే నెలలో పెళ్లయింది, చెల్లెలికి అదే ఏడాది నవంబరులో పెళ్లయింది అనుకోండి. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో చెల్లెలు కొడుకుతో సమానం, అక్క కాదు. అదే ఇంటి పెళ్లి పత్రికల మీద తేదీలు ఆడపిల్లల హక్కును తేల్చాయి.

ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన తేదీ పెట్టుకుంది. కేరళ 1975 చట్టంతో హిందూ ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లో మన బాటలో నడిచాయి. ఈ మూడూ కూడా అప్పటికే పెళ్లయిన కూతుళ్లను బయటే ఉంచాయి. మిగతా చాలా రాష్ట్రాల్లో ఏమీ లేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ చట్టం వచ్చాక ఈ తేడా పోయింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం అయింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన పంపకాలను మాత్రం కదపకూడదన్నారు. ఆ పంపకం రిజిస్టరైన పత్రం మీద గానీ కోర్టు డిక్రీ మీద గానీ జరిగి ఉండాలన్నారు. ‘మేం ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం’ అనే సాకును కట్టడి చేయడానికే ఆ మాట. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అనే విషయం మీద కొన్నేళ్లు గందరగోళం నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి బతికి ఉండనక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వచ్చింది అని తేల్చేసింది. అంతకు ముందే 2011లో, మన ఆంధ్ర నుంచే వెళ్లిన గండూరి కోటేశ్వరమ్మ కేసులో, పంపకం దావాలో ప్రిలిమినరీ డిక్రీ వచ్చినా సరే, ఫైనల్ డిక్రీ కాలేదు కనుక కూతుళ్లకు వాటా వస్తుందని అదే కోర్టు చెప్పింది.

ఇప్పుడు ఆ 8 ఎకరాలనే మళ్లీ లెక్క వేద్దాం. తండ్రి, కొడుకు, ఇద్దరు కూతుళ్లు, నలుగురికీ 2 ఎకరాల చొప్పున. తండ్రి 2 ఎకరాలు తల్లికీ ముగ్గురు పిల్లలకూ తలా అర ఎకరం. అంటే కొడుక్కి రెండున్నర, ఒక్కో కూతురికి రెండున్నర, తల్లికి అర ఎకరం. కూతురి వాటా ఒక ఎకరం నుంచి రెండున్నరకు పెరిగింది. తల్లి వాటా ఒక ఎకరం నుంచి అర ఎకరానికి తగ్గింది. ఈ రెండో సంగతి మనం గట్టిగా చెప్పుకోం. చెప్పుకోవాలి. ఆ అర ఎకరం కూడా పెద్దకర్మ కాకముందే కొడుకు పేరున రాసిచ్చే తల్లులు ఉన్నారు.

అదే భూమి తండ్రి సొంతంగా సంపాదించింది అయితే, వీలునామా లేకుండా పోతే, నలుగురికీ సమానంగా తలా 2 ఎకరాలు. కాకపోతే సొంత ఆస్తిని ఆయన వీలునామాతో ఎవరికైనా రాసేయొచ్చు. కాబట్టి మన దగ్గరికి ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న: భూమి ఎలా వచ్చింది? రెండో ప్రశ్న: వీలునామా ఉందా? ఈ రెండూ తెలియకుండా ‘మీకు సగం వస్తుంది’ అని హామీ ఇవ్వకండి.

సంతకం ఎప్పుడు పెట్టారు?

మూడో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది: సంతకం ఎప్పుడు పెట్టారు? తండ్రి బతికి ఉండగానా, పోయాకా?

తండ్రి సొంత ఆస్తి మీద ఆయన బతికి ఉండగా కూతురికి ఏ హక్కూ లేదు. రేపు రావచ్చునన్న ఆశ మాత్రమే ఉంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 6వ సెక్షను, ఇలాంటి ఆశను బదిలీ చేయడం కుదరదంటుంది. పెళ్లి చేసేటప్పుడు ‘ఇక నాకు పుట్టింటి ఆస్తిలో ఏ హక్కూ లేదు’ అని రాయించుకునే కాగితాలు చాలా వరకు ఈ కోవలోకే వస్తాయి. అయితే ‘ఎలాగూ చెల్లదు కదా, పెట్టేద్దాం’ అనుకోవద్దు. డబ్బు పుచ్చుకుని అలా రాసిచ్చిన వాళ్లు తర్వాత మాట మార్చడానికి లేదని కోర్టులు కొన్ని సందర్భాల్లో చెప్పాయి. 2023లో తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో, తండ్రి బతికుండగా ప్రతిఫలం తీసుకుని రాసిచ్చిన కొడుకు తరఫు వారసులకు సుప్రీంకోర్టు వాటా కాదంది. చెల్లని కాగితం కూడా మెడకు చుట్టుకోవచ్చు.

ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. అక్కడ 2005 తర్వాత కూతురిది ఆశ కాదు, హక్కు. తండ్రి బతికి ఉన్నా ఆమె దాన్ని నిజంగానే వదులుకోగలదు. అంటే మనకు హక్కు పెరిగిన కొద్దీ మన సంతకానికి విలువ పెరిగింది, ఆ సంతకం కోసం ఒత్తిడీ పెరిగింది. ఇది కార్యకర్తలు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

తండ్రి పోయాక, హక్కు చేతికి వచ్చాక, తెలిసి, ఇష్టపడి, రిజిస్టరు చేసి ఇచ్చిన విడుదల పత్రం చెల్లుతుంది. మర్నాడు మనసు మారిందని రద్దు చేసుకోవడం ఉండదు. మోసం, బెదిరింపు, అనుచిత ఒత్తిడి జరిగాయని కోర్టులో రుజువు చేయాలి. దానికి గడువు, ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. స్థిరాస్తిలో హక్కును తెల్లకాగితం మీదో, స్టాంపు కాగితం మీదో రాసి రిజిస్టరు చేయకుండా దాచుకుంటే హక్కు మారదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను దీనికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అందువల్ల ‘ఎప్పుడో వేలిముద్ర వేశానమ్మా, నా పని అయిపోయింది’ అని వచ్చిన మనిషికి మనం చెప్పాల్సిన మొదటి మాట: అది రిజిస్టరైందో లేదో ఈసీ తీసి చూద్దాం.

చదువురాని స్త్రీ వేలిముద్ర వేసిన పత్రం మీద ఇంకో రక్షణ ఉంది. పరదాలో ఉండే స్త్రీలకోసం పూర్వం కోర్టులు ఒక సూత్రం పెట్టాయి. ఆ కాగితంలో ఏముందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పారని, ఆమె తెలిసే రాసిందని రుజువు చేయాల్సింది దాని వల్ల లాభపడ్డవాళ్లే. ఆ సూత్రాన్ని చదువురాని, లోకం తెలియని స్త్రీలకు కూడా వర్తింపజేశారు. ‘బ్యాంకు లోను కోసమక్కా, ఇక్కడో సంతకం’ అని చెప్పి పెట్టించుకున్న పత్రాల విషయంలో ఇది మనకు ఉపయోగపడుతుంది.

ఎందుకు పెడతారు?

చట్టం ఇంత ఉండి కూడా ఆడవాళ్లు సంతకం ఎందుకు పెడతారు? తెలివి లేక కాదు. చాలామంది లెక్క వేసుకునే పెడతారు. రేపు మొగుడు కొడితే, చచ్చిపోతే, కాన్పుకు, కష్టానికి, వెళ్లడానికి ఉన్నది పుట్టిల్లు ఒక్కటే. ఆ గుమ్మం మూసుకుపోకుండా ఉండడానికి ఆమె కట్టే ధర ఆ రెండున్నర ఎకరాలు. బీనా అగర్వాల్ 1994లో వచ్చిన తన పుస్తకంలో దక్షిణాసియా అంతటా ఇదే జరుగుతోందని వివరంగా రాశారు. అన్నదమ్ముల ఆదరణ కోసం అక్కచెల్లెళ్లు భూమిని వదులుకుంటున్నారని ఆమె చెప్పిన మాట మన మెట్ట ఊళ్లలో ఏ ఇంటికి వెళ్లినా కనిపిస్తుంది. ఈ ధరకు కొనుక్కున్న ఆదరణ ఎన్నాళ్లు నిలిచిందో కూడా మీకు తెలుసు. తల్లిదండ్రులు ఉన్నంత కాలం చీరే సారే. తర్వాత మరదలు మంచిదైతే మంచినీళ్లు.

రెండో మాట: ‘కట్నం ఇచ్చాం కదా.’ కట్నం ఆస్తి వాటాకు బదులు అని ఏ చట్టమూ చెప్పలేదు. 1961 నుంచి కట్నం పుచ్చుకోవడం నేరం. నేరాన్ని వాటాగా చూపించి హక్కును కొట్టేయడం ఎలా కుదురుతుంది? పైగా ఆ కట్నం వెళ్లింది అత్తింటి చేతికి, ఆమె పేరున కాదు. పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద ఎకరమో అర ఎకరమో ఇచ్చామని చెప్పే చోట కూడా పత్రం అడగండి. స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు కావాలి. నోటిమాట పసుపు కుంకుమ భూమిని అన్న దున్నుకుంటూ, అదే భూమిని చూపించి మిగతా వాటా వదులుకోమనడం చాలాచోట్ల నడుస్తోంది.

మూడో మాట: ‘మా భూమి అల్లుడి ఇంటికి పోతుంది.’ దీనికి చట్టంలోనే జవాబుంది. తల్లిదండ్రుల నుంచి స్త్రీకి వచ్చిన ఆస్తి, ఆమె పిల్లలు లేకుండా, వీలునామా లేకుండా చనిపోతే భర్తకు పోదు, తిరిగి తండ్రి వారసులకే వెళ్తుంది. 1956 చట్టం 15వ సెక్షను ఆ మాట ఎప్పుడో రాసింది. ఇక పిల్లలుంటే ఆ పిల్లలు ఆ ఇంటి మనవలే కదా.

నాలుగోది, మన ప్రాంతానికి ప్రత్యేకమైనది: భూమి ధర. పత్తి, మిర్చి వేసే మెట్ట పొలం ఒకప్పుడు కౌలు మాత్రం వచ్చే పొలం. 2014 తర్వాత రాజధాని మాట వచ్చింది. విజయవాడ, హైదరాబాదు హైవే పక్కన కంచికచర్ల, నందిగామ పొలాలు సెంట్ల లెక్కన బేరానికి వచ్చాయి. అప్పటిదాకా అక్కచెల్లెళ్ల ఊసెత్తని ఇళ్లలో కొనేవాడి వకీలు ‘ఆడపిల్లల సంతకాలు కావాలి’ అన్నాడు. దాంతో ఆడపడుచులకు కబుర్లు వచ్చాయి. కొందరికి చీర, కొందరికి పదివేలు, కొందరికి అన్నం పెట్టి పంపడం. ఆమె సంతకం లేకపోతే లక్షల బేరం ఆగిపోతుందంటే, ఆ సంతకం విలువ పదివేలేనా? ఈ ఒక్క ప్రశ్న ఆమె వేసుకునేలా చేస్తే మన పని సగం అయినట్టే.

గరికపాడు దాటితే

వారసత్వ హక్కు ఇప్పుడు దేశంలో చాలావరకు హిందువులకు ఒకటే. కానీ దాన్ని వదులుకునే పద్ధతి ఒకటి కాదు. మన జగ్గయ్యపేట వాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. గరికపాడు చెక్‌పోస్టు దాటితే తెలంగాణ. కోదాడ, మధిర, ఖమ్మం మనకు వియ్యాల ఊళ్లు. 1956కు ముందు అటు నైజాం, ఇటు మద్రాసు, తర్వాత ఆంధ్ర. 1956 నుంచి 2014 దాకా ఒకే రాష్ట్రం. ఇప్పుడు మళ్లీ రెండు. అత్తిల్లు ఆ పక్క, పుట్టిల్లు ఈ పక్క ఉన్న కూతురికి రెండు రెవెన్యూ పద్ధతులు. ఇక్కడ 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం. అక్కడ 2020లో కొత్త చట్టం, ధరణి వచ్చాయి. 2025లో వాటి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. 1899 స్టాంపు చట్టం ఒకటే అయినా, విడుదల పత్రానికి ఎంత సుంకం అన్నది ఏ రాష్ట్రం షెడ్యూలు దానిది. మహారాష్ట్రలో పూర్వీకుల ఆస్తిని దగ్గరి బంధువులకు విడుదల చేస్తే నామమాత్రపు స్థిర సుంకం. మరోచోట విలువ మీద శాతం. సుంకం తప్పించుకోవడానికి విలువ తక్కువ వేస్తారు, లేదా రిజిస్టరే చేయరు. రెండు విధాలా కాగితంలో నిజం ఉండదు.

మతాన్ని బట్టి కూడా తేడా ఉంది. క్రైస్తవ కుటుంబాల్లో 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకూ కూతురూ సమానం. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెడితే, మద్రాసు రాష్ట్రం 1949లో సవరణ చేసి భూమికీ వర్తింపజేసింది. అది మన ప్రాంతం మద్రాసులో ఉన్న కాలం. ఎవరి వాటా ఎంతైనా, సంతకం పెట్టించుకునే తీరు మాత్రం అన్ని మతాల్లోనూ ఒకటే.

వారసత్వాన్ని వద్దనడానికి ప్రత్యేకంగా చట్టం రాసుకున్న చోట్లు ఉన్నాయి. అమెరికాలో రాష్ట్రాల చట్టాలు ఒక తీరుగా ఉండాలని 1999లో ఒక నమూనా చట్టం తయారు చేశారు. ఆ చట్టం ప్రకారం వద్దన్న మనిషి, ఆస్తి ఎవరికి పోవాలో తను చెప్పడానికి లేదు. ఆమె అంతకు ముందే చనిపోయి ఉంటే ఎవరికి వచ్చేదో వాళ్లకే పోతుంది, అంటే చాలాసార్లు ఆమె పిల్లలకే. మన దగ్గర విడుదల పత్రం తిన్నగా అన్న పేరున రాస్తారు, ఆమె పిల్లలు దాటిపోతారు. రెండింటికీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ దేశం దాకా కూడా పోనక్కర్లేదు. పోర్చుగీసు వాళ్ల కాలం నుంచి వేరే సివిల్ కోడ్ ఉన్న గోవా, 2012లో చేసిన వారసత్వ చట్టంలో ఆస్తిని వదులుకునే పద్ధతిని నోటరీ ముందు పత్రంతో సహా రాసిపెట్టుకుంది. మనకు ఉన్నది ఏమిటి? ఆస్తి బదిలీ చట్టంలో ఒక ముక్క, కాంట్రాక్టు చట్టంలో ఒక ముక్క, రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక ముక్క, స్టాంపు చట్టంలో ఒక ముక్క. వదులుకునే ఆడమనిషి ఎదురుగా కూర్చుని ‘నీకు తెలిసే చేస్తున్నావా’ అని అడిగే చట్టం ఒక్కటీ లేదు.

అప్పు దగ్గర మాత్రం

ఇక రెండో రకం ఆడవాళ్ల సంగతి. పత్తికి, మిర్చికి పెట్టుబడి అప్పులు. తెగులు వచ్చో, ధర పడిపోయో, భర్త పురుగుమందు తాగి పోతాడు. చాలామంది కౌలు రైతులు, పేరున సెంటు భూమి ఉండదు. పెద్దకర్మ నాడే అప్పులవాళ్లు వచ్చి కూర్చుంటారు. పెద్దమనుషులు ‘మనిషి పోయినా మాట పోకూడదు, నోటు తిరగరాయమ్మా’ అంటారు. ఆమె రాస్తుంది.

ఇక్కడే మనం అడ్డుపడాలి. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులే, కానీ ఆయన నుంచి వాళ్ల చేతికి వచ్చిన ఆస్తి ఎంతో అంతవరకే. సివిల్ ప్రొసీజర్ కోడు 50, 52 సెక్షన్లు ఈ మాట స్పష్టంగా చెప్తాయి. ఆస్తి ఏమీ రాకపోతే, ఆమె కూలి డబ్బుల మీద, ఆమె పుట్టింటి భూమి మీద, డ్వాక్రా పొదుపు మీద అప్పులవాళ్లకు హక్కు లేదు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పాత ధర్మశాస్త్రపు బాధ్యతను కూడా 2005 సవరణ, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో తీసేసింది. కానీ ఆమె తన పేరున కొత్త నోటు రాసిందంటే, లేదా మొదటే హామీ సంతకం పెట్టిందంటే, ఇక అది ఆమె సొంత అప్పు. ఆస్తి విషయంలో వద్దనమని పట్టుబట్టే పెద్దమనుషులే, అప్పు విషయంలో నాదేనని ఒప్పుకోమంటారు. మనం రెండు చోట్లా తిరగేసి చెప్పాలి. అక్కడ వద్దనకు. ఇక్కడ నాది అనకు.

వయసులో ఉన్న విధవరాలిని అత్తింటివాళ్లు సంతకం అడిగే సందర్భం ఇంకొకటి. ‘నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుంటే నీకు ఏమీ రాదు’ అని బెదిరిస్తారు. అది అబద్ధం. భర్త ఆస్తిలో ఆమెకు వచ్చిన వాటా మళ్లీ పెళ్లితో పోదు. మైనరు పిల్లల తరఫున కూడా ఆమెచేత సంతకం పెట్టించుకుంటారు. పిల్లలకు వారసత్వంగా వచ్చిన సొంత స్థిరాస్తిని తల్లి కోర్టు అనుమతి లేకుండా ఇచ్చేయడానికి లేదు. అలా ఇచ్చింది పిల్లలు పెద్దయ్యాక మూడేళ్ల లోపు రద్దు చేయించుకోవచ్చు.

మనం చేయగలిగింది

చావు జరిగిన ఇంటికి మనం పరామర్శకు వెళ్తాం. ఇకనుంచి పరామర్శతో పాటు ఒక మాట చెప్పి రండి: ఏ కాగితం మీదా ఇప్పుడే సంతకం పెట్టొద్దు, పెద్దకర్మ దాటనివ్వండి, మూడు నెలలు ఆగండి. ఆగినందువల్ల హక్కు పోదు. పాసుపుస్తకం అన్న పేరున ఎక్కినా హక్కు పోదు. పాసుపుస్తకం, అడంగల్ శిస్తుకోసం రాసుకునే లెక్కలే గాని యాజమాన్యాన్ని తేల్చవని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా ఊరుకోవద్దు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో కూతుళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడండి. వదిలేసి ఉంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రశీదు తీసుకోండి.

నిజంగానే వదులుకోవాలనుకునే స్త్రీ ఉంటుంది. ఆమెను అవమానించకండి. తమ్ముడు అవిటివాడు, తల్లిని చూసుకుంటున్నాడు, నాకు అక్కర్లేదు అనే అక్కలు ఉన్నారు. ఆమెకు సాయం చేయండి. పత్రంలో సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఈనాటి విలువ, తీసుకున్న డబ్బు నిజంగా రాయించండి. మొత్తం వదలకుండా కొంత వదలొచ్చని చెప్పండి. ఇల్లు కట్టుకునేంత స్థలమైనా ఉంచుకోమనండి. తల్లి అయితే, బతికినంత కాలం అనుభవించే హక్కు తనకు అట్టిపెట్టుకుని రాయమనండి.

వదులుకోను అన్న స్త్రీకి కోర్టు దారి ఉంది. అది పొడుగాటి దారి, అబద్ధం చెప్పను. ఉమ్మడి అనుభవంలో ఉన్నంత కాలం పంపకం దావాకు కోర్టు ఫీజు స్వల్పం. అనుభవం నుంచి పూర్తిగా వెళ్లగొట్టారంటే వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. కాబట్టి తగువు ముదిరేదాకా ఆగకుండా ముందే సలహా తీసుకోవాలి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇక్కడి కోర్టుల్లో న్యాయ సేవాధికార కమిటీకి తెల్లకాగితం మీద అర్జీ పెడితే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా చెప్తారు.

ఇవి మనం చేసే పనులు. ప్రభుత్వాలను అడగాల్సినవి కూడా ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హక్కు విడుదలకు ఒకే పద్ధతి, ఒకే సుంకం ఉండాలి. వారసత్వం వచ్చిన ఆరు నెలల లోపు విడుదల పత్రం రిజిస్టరు చేయకూడదు. పత్రాన్ని తెలుగులో ఆమెకు చదివి వినిపించాలి. సబ్ రిజిస్ట్రారు ఆమెను అన్నదమ్ములు, భర్త లేకుండా విడిగా అడగాలి. ఇప్పుడు ఆయన అడిగేది ‘ఈ సంతకం నీదేనా’ అని మాత్రమే. ‘ఈ నిర్ణయం నీదేనా’ అని కూడా అడగాలి. ఆమె ఎవరి పేరున అని ప్రత్యేకంగా రాయకపోతే, ఆమె వాటా ముందు ఆమె పిల్లలకు చెందాలి. పేరు మార్పిడికి ముందు కూతుళ్లకు, ఏ ఊళ్లో ఉన్నా, ఏ రాష్ట్రంలో ఉన్నా, నోటీసు అందాలి. చనిపోయిన రైతు భార్యతో నోటు తిరగరాయించుకోవడాన్ని ఒత్తిడి కింద రాసుకున్న పత్రంగా చూడాలి.

భర్త పక్కనే ఎందుకు ఉండకూడదు అని ఎవరో అడిగారు. వాటా అడగమని కొట్టే భర్తలు కూడా ఉన్నారు కాబట్టి. అన్నకు రాసిచ్చేటప్పుడైనా, అన్నను అడిగేటప్పుడైనా ఆ నిర్ణయం ఆమెదే కావాలి. ఆ భూమి ఆమె పేరునే ఉండాలి, మొగుడి పేరున కాదు.

ఇప్పుడు తీర్మానాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక పని పెట్టుకుందాం. మీలో ప్రతి ఒక్కరూ మీ ఊళ్లో ఈ ఏడాది చావు జరిగిన అయిదు ఇళ్లకు వెళ్లండి. భూమి ఎంత, వారసులు ఎవరు, కాగితం ఏదైనా రాశారా, అప్పులవాళ్లు ఎవరి సంతకం తీసుకున్నారు, ఈ నాలుగూ రాసుకురండి. పేర్లు బయట పెట్టొద్దు. వచ్చే సమావేశంలో ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుందాం. ప్రభుత్వానికి ఇచ్చే విజ్ఞాపన ఆ వివరాలతోనే మొదలుపెడదాం.